పల్లి నూనె పూసిన పుట్టి

అమరేశప్పకు నీళ్లంటే భయం. రాయచూరు బజారులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలిసింది భార్య అంబుజకూ, ఇంటి వెనక బావికీ మాత్రమే. బావి దగ్గర స్నానం చేసేటప్పుడు కూడా గట్టుకు దూరంగా పీట వేయించుకుని, ఎవరైనా తోడి ఇస్తేనే పోసుకునేవాడు. పుచ్చు గింజను బస్తా అడుగుకు నెట్టి, పైన మేలు గింజ కనబడేట్టు పెట్టడం వ్యాపారంలో మామూలే గదా. ఆయన తన భయాన్నీ అట్లాగే అడుగుకు నెట్టి, పైన పెద్ద గొంతు, పెద్ద పొట్ట, పెద్ద నవ్వు పెట్టుకుని బతికాడు.

అటువంటి మనిషి ఆరుద్ర కార్తెలో తోలు పడవలాంటి పుట్టి ఎక్కి కృష్ణలోకి పోవడానికి కారణం పల్లికాయ.

తుంగభద్ర కాలువ వచ్చినాక కోస్తా రైతులు వచ్చి గోరేబాళ చుట్టుపక్కల భూములు కొన్నారు. క్యాంపులు కట్టుకున్నారు. నీళ్లందే చోట వరి, మిట్టన పల్లికాయ. వాళ్లలో బసవపున్నయ్య మాట క్యాంపంతా వింటుంది. ఆయన ఏ దుకాణానికి బండి తోలితే మిగతా బండ్లు కూడా ఆ దుకాణానికే తిరుగుతాయి. ఆ బండ్లు తన నూనె దుకాణం ముందు ఆగాలని అమరేశప్ప కోరిక. ధర పెంచి పిలిస్తే ఎవడైనా వస్తాడు, ఇంకొకడు ఇంకా పెంచితే పోతాడు కూడా. మనిషిని పట్టాలంటే ధర కాకుండా ఇంకేదో ఉండాలని ఆయన లెక్క.

అది బసవపున్నయ్యే అందించాడు. ఒకరోజు దుకాణంలో కూర్చుని, "మీ దేశంలో కాలువ తప్ప నీళ్ల ముఖం చూడలేదండీ. మా ఆవిడ పుట్టిల్లు ఏటిగట్టున. పడవ ఎక్కక ఎంత కాలమైందో అని రోజూ నా ప్రాణం తీస్తోంది," అన్నాడు.

పక్కన ఉన్న ఆయన భార్య శేషారత్నం ఊరుకోలేదు. "నా ఒక్కదాని మాటే చెప్తారేం? మీరు అడవి అడవి అని కలవరించడం లేదూ? హట్టికి పోతే బంగారం గని గేటు చూపించి తీసుకొచ్చారు. అదేనా అడవి?"

ఒకరికి నీళ్లు, ఒకరికి అడవి. అమరేశప్ప బుర్రలో తక్కెడ కదిలింది. అడవి ఒక్కటే చూపిస్తే కాళ్లు నొచ్చాయంటారు. నీళ్లు ఒక్కటే చూపిస్తే కూర్చుని కూర్చుని విసుగంటారు. రెండూ ఒకే పొట్లంలో కడితే? పుట్టిలో కృష్ణ మీద పోవాలి, నది నడుమ లంకలాంటి గడ్డ మీద దిగి దారి తెలిసిన మనిషి వెంట అడవి చూడాలి, అన్నం తినాలి, మళ్లీ పుట్టెక్కి కింది రేవులో దిగాలి. ఇటువంటిది ఇంతవరకు ఈ జిల్లాలో ఎవరూ అమ్మలేదు. వీళ్లిద్దరికి నచ్చితే పంట నూర్చినాక క్యాంపంతా వస్తుంది, జట్లు జట్లుగా. వెనకనే పల్లికాయ బండ్లు వస్తాయి.

"బాగుందండీ," అన్నాడు బసవపున్నయ్య. "అయితే మీరూ మీ ఆవిడా కూడా మాతో కూర్చోవాలి. వండినాయన తినకపోతే మేమెట్లా తింటాం?"

అమరేశప్ప పెద్దగా నవ్వాడు. దుకాణం వెనక తలుపు చాటు నుంచి వింటున్న అంబుజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పుట్టి నడిపేవాడు ఉలిగప్ప. అతని వదినె చెన్నవ్వ గడ్డ మీదకు కట్టెలకూ తేనెకూ పోయే మనిషి. అడవి చూపించే పని ఆమెకు కుదిరింది. రెండు రోజుల ముందు అమరేశప్ప సరుకు చూసుకోవడానికి రేవుకు పోయాడు. నీళ్లకు దూరంగానే నిలబడి చూశాడు. ఎండకాలమంతా చూరుకు వేలాడదీసిన పుట్టిని ఉలిగప్ప దించి బోర్లించాడు. వెదురుబుట్ట మీద బిగించిన ఎద్దు తోలు ఎండి గట్టిపడి ఉంది.

"గిదేం కంపు ఉలిగప్పా! ముక్కు పగిలిపోతుంది."

"తోలు గదా సావుకారీ. కానుగ నూనె పట్టిస్తె మెత్తబడ్తది."

"కానుగ నూనె ఇంకింత కంపు. క్యాంపు నుంచొచ్చే ఆమె మంచి చీర కట్టుకొనొస్తది. దానికా వాసన అంటితే మళ్ల నా మొకం సూస్తరా వాళ్లు? ఆగు. నా దుకాణం నుంచి పల్లి నూనె పంపిస్త. అదే పూయి."

"పల్లి నూనెనా!" ఉలిగప్ప కళ్లు మెరిశాయి. "పండగనాడు గూడ మా ఇంట్ల అంత నూనె సూడం."

"నూనె నూనేనా కాదా? తోలుకేం తెలుస్తది?"

"తోలుకేం తెల్వది," అన్నాడు ఉలిగప్ప సంతోషంగా. పంపిన డబ్బాలో సగం తోలు తాగింది, సగం చెన్నవ్వ పొయ్యి మీద మిరపకాయ బజ్జీలకు పోయింది. ఎన్నో ఏళ్లుగా పుట్టికి కానుగ నూనె ఎందుకు పూస్తున్నారన్నది ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. ఒకడు అతిథి ముక్కును చూసుకున్నాడు, ఇంకొకడు బజ్జీని చూసుకున్నాడు.

*

ఆ రోజు పొద్దున క్యాంపు జీపు వాళ్లను పై రేవులో దించి, కింది రేవుకు చుట్టు తిరిగి పోయింది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. నది సన్నగా, తేటగా, రాళ్ల నడుమ పాయలు పాయలుగా ఉంది. పుట్టి నల్లగా నిగనిగలాడుతోంది.

"పిండివంటల వాసన వస్తోందండీ," అంది శేషారత్నం. అమరేశప్ప మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

ఉలిగప్ప కొబ్బరికాయ కొట్టి, పుట్టి అంచు ముట్టుకుని దండం పెట్టాడు. "ఒక్క మాట. పుట్టిల కూసున్నంక ఒక మాట మాత్రం అనొద్దు. మా తాతల కాలం నుంచి ఆన ఉంది."

"ఏ మాట?"

"దాన్ని నేనెట్ల అంట?"

చెన్నవ్వ అందుకుంది. "బిందెకు తాడు తెగితే బావిల ఏమైతదమ్మా? గా మాట."

అందరూ నవ్వారు. అమరేశప్ప కూడా నవ్వాడు. కానీ ఆ మాట ఆయన నాలుక చివర వచ్చి కూర్చుంది. పుట్టి కదలగానే గుండ్రంగా తిరిగింది. గట్టు ఎడమకు పోయింది, వెనక్కు పోయింది, కుడికి వచ్చింది. కాళ్ల కింద వెదురు కిర్రుమంది. ఆయనకు ఆ మాట తప్ప లోకంలో ఇంకో మాట గుర్తు రాలేదు. అడగాలనుకున్నది అడగలేక, "ఉలిగప్పా, బరువు ఎక్కువైందా?" అన్నాడు.

"మీరు దిగితె సరిపోతది సావుకారీ," అంది చెన్నవ్వ.

"ఎద్దును ఎక్కించుకోని పోయిన పుట్టిది," అన్నాడు ఉలిగప్ప. "మీరెంత."

అంబుజ భర్త మణికట్టు మీద చెయ్యి వేసింది. కొంగు కప్పి వేసింది, ఎవరికీ కనబడకుండా.

నడుమ ఒక బండ మీద దుంగ పడి ఉంది. శేషారత్నం దాన్ని చూపించి ఏదో అనబోయింది. దుంగ నోరు తెరిచింది. లోపల పసుపుగా, తడిగా ఉంది. తెరిచిన నోరు మూయకుండా అట్లాగే ఉంచింది.

"మొసలి," అన్నాడు ఉలిగప్ప, పక్కింటి మనిషిని చూపించినట్టు. "ఎండకు పండుకున్నది. నీళ్లల్ల లేకుంటే మనకేం భయం లేదు."

"నీళ్లల్లో ఎన్నున్నాయి?" బసవపున్నయ్య ఉత్సాహంగా వంగి చూశాడు. పుట్టి ఆయన వైపు ఒరిగింది. అమరేశప్ప గొంతులోంచి వచ్చిన కూత ఆయనది కానట్టే ఉంది. దాన్ని వెంటనే దగ్గులోకి తిప్పుకున్నాడు.

గడ్డ చేరాక ఆయన అందరికన్నా ముందు ఇసుక మీదకు దిగాడు. చెప్పులో రాయి పడిందని వంగి కూర్చున్నాడు. ఉలిగప్ప పుట్టిని ఇసుక మీదకు లాగి బోర్లించాడు.

అన్నం బుట్ట దగ్గర చిక్కు వచ్చింది. అంబుజ పులిహోర, జొన్న రొట్టెలు, పల్లి పొడి, పెరుగు అన్నీ పెద్ద బుట్టలో సర్ది తెచ్చింది. కాకులు ముక్కు పెట్టకుండా అమరేశప్ప దానికి గోనెపట్టా మూసి, బస్తా మూతి కుట్టినట్టు దబ్బనంతో కుట్టి, దబ్బనాన్నీ సుతిలి తాడు ఉండనూ అందులోనే గుచ్చాడు. ఇప్పుడు దాన్ని గడ్డ నడుమ ఉన్న కొండ మీదకు మోసేవాడు లేడు. మోత మనిషి ఎందుకు, ఉన్నవాళ్లు సరిపోతారని ఆయనే మానిపించాడు.

"నువ్వే ఎత్తుకో ఉలిగప్పా."

"పుట్టి కాడ మనిషుండాలె సావుకారీ."

"గీ గడ్డ మీద దొంగలెవరున్నరు? మొసలి ఎత్తుకపోతదా?"

ఉలిగప్ప పుట్టిని చూశాడు, బుట్టను చూశాడు. కింద ఉంటే పులిహోర చివరికి ఎంత మిగులుతుందో ఆలోచించినట్టున్నాడు. బుట్ట ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు.

చెన్నవ్వ ముందు నడిచింది. గుండ్ల సందుల్లో మనిషి పట్టేంత దారి. ముళ్లకంపలు, చిల్ల చెట్లు, వెదురు పొదలు. ఏదుపంది రాల్చిన ముల్లు ఒకటి ఏరి శేషారత్నం చేతికిచ్చింది. తేనెపట్టు కింద మాట్లాడకుండా పొమ్మని సైగ చేసింది. ఒక బండ మీద ఆగి కర్రతో చూపించింది. వెంట్రుకలు కలిసిన లద్దె.

"చిరుత," అంది మెల్లగా. "పాతది కాదు."

బసవపున్నయ్య మొహం వెలిగిపోయింది. "చూశావా రత్నం! ఇదీ అడవంటే!"

అమరేశప్పకు చిరుతంటే పెద్దగా భయం కలగలేదు. దాని కాళ్లు నేల మీద ఉంటాయి. నేల మీద ఉన్నదానితో ఏదో ఒక బేరం కుదురుతుంది. తిరిగి పుట్టెక్కాలన్న తలపే ఆయన్ను వదలడం లేదు.

కొండ మీద పాత బురుజు నీడలో అన్నం తిన్నారు. శేషారత్నం నేరేడు పండ్లతో నోరు నీలంగా చేసుకుంది. బసవపున్నయ్య చెయ్యి కడుక్కుని, "అమరేశప్పగారూ, నేను చెప్తున్నాను రాసుకోండి. పంట రాగానే మా క్యాంపు మొత్తాన్ని తోలుకొస్తాను," అన్నాడు. ఆ ఒక్క క్షణం అమరేశప్ప నీళ్లను మరిచిపోయాడు. కళ్ల ముందు బండ్లు, బండ్ల మీద బస్తాలు, వీధి మలుపు దాకా ఎడ్ల గంటలు.

చెన్నవ్వ తినడం ఆపి పడమటి వైపు చూస్తోంది.

"ఏంది వదినె?" అన్నాడు ఉలిగప్ప.

"మొసలి పండుకున్న బండేది?"

అందరూ లేచి చూశారు. బండ లేదు. పొద్దున పాయలు పాయలుగా ఉన్న నది ఒక్కటైపోయింది. రంగు మారింది. జాజు కలిపినట్టు ఎర్రగా, నురగ కట్టి, ఎండుకట్టెలు మోసుకుని, చప్పుడు లేకుండా వస్తోంది. ఆకాశంలో ఇప్పటికీ ఒక్క మబ్బు లేదు. ఎక్కడో పడమటి కొండల్లో పడిన వాన అది.

"కొత్తనీళ్లు," అన్నాడు ఉలిగప్ప. బుట్టను ఎత్తుకోకుండానే దిగసాగాడు. తర్వాత పరుగెత్తాడు.

*

దిగుతుంటే అమరేశప్ప పొట్ట ముందూ, ఊపిరి వెనకా పడింది. కింద పుట్టి దగ్గర రెండు నక్కలు తలెత్తి చూశాయి. మనుషులను చూసి కూడా వెంటనే పోలేదు. ఒకటి ఇంకోసారి నాకి, అప్పుడు పొదలోకి పోయింది.

పుట్టి వీపు మీద తోలు లేచిపోయి ఉంది. రెండు అరచేతులు పట్టేంత మేర వెదురు బయటపడింది. చుట్టూ నమిలిన అంచులు తడిగా మెరుస్తున్నాయి.

ఉలిగప్ప దాని ముందు కూలబడ్డాడు. "ఇన్నేండ్లల్ల నక్క దీనికి నోరు పెట్టలే. కుక్క గూడ నోరు పెట్టలే."

చెన్నవ్వ వంగి వాసన చూసింది. "పెట్టక? నీకు బజ్జీలు ఎంత రుచిగున్నయో దానికీ గంతే రుచిగుంది."

"అంటే ఏంటండీ?" అన్నాడు బసవపున్నయ్య.

"కానుగ నూనె చేదు," అంది అంబుజ మెల్లగా, అప్పుడే లెక్క తేలినట్టు. భర్త వైపు చూసింది. "మా దుకాణం నూనె మంచిదని నక్కలకు గూడ తెలిసిపోయింది."

ఎవరూ నవ్వలేదు. అమరేశప్ప కాళ్ల దగ్గర ఇసుక చప్పున తడిసింది. ఎర్రటి నీటి నాలుక ఒకటి చెప్పును ముట్టి వెనక్కు పోయింది.

"ఇక్కడే ఉంటే? పైన బురుజు ఉందిగా," అన్నాడు బసవపున్నయ్య.

"ఉండొచ్చు," అంది చెన్నవ్వ. "బురుజు దాక నీళ్లు రావు. కాని గడ్డ మీద బతికినవన్నీ ఆడికే వస్తయి. పాములొస్తయి. నక్కలొస్తయి. పొద్దుగాల లద్దె చూస్తిమి గదా, ఆ దొర గూడ ఆడికే వస్తడు. ఏరు దిగేదాక మనల్ని తీసుకపోను ఎవడు రాడు. అది ఎప్పుడు దిగుతదో దానికే ఎరుక."

"ఇప్పుడు పోతే?"

ఉలిగప్ప నదిని చూశాడు. "ఇప్పుడైతే దాటొచ్చు. ఇంకింత పెరిగితే కింద రాళ్ల కాడ సుడి పుడ్తది. ఇగ దాటం."

అతను మొలకు కట్టుకున్న తారు ముద్ద తీసి, నాలుగు పుల్లలు అంటించి కరిగించాడు. రోడ్డు పనివాళ్ల దగ్గర సంపాదించిన తారు. తోలు మీద అద్దాడు. అది పట్టలేదు. మళ్లీ అద్దాడు. నూనె తాగిన తోలు మీద తారు తామరాకు మీది నీటిబొట్టులా జారిపోయింది. ఉలిగప్ప తారు పుల్లను పారేయడం చూసి శేషారత్నం ఏడుపు మొదలుపెట్టింది.

పుట్టి నడిపేవాడే చేతులెత్తేస్తే తన సంగతేమిటని అమరేశప్ప అనుకోలేదు. ఆయనకు చినిగిన బస్తా కనబడింది. నూనె కారి మెత్తబడ్డ బస్తాలు ఆయన జీవితమంతా చూశాడు. వాటికి ఏదీ అంటుకోదు. అంటించకూడదు, కుట్టాలి.

"బుట్ట ఏది?"

బుట్ట కొండ మీదే ఉండిపోయింది. చెన్నవ్వ లంగోటా బిగించినట్టు చీర చెక్కి, గుండ్ల మీదుగా మేకలా ఎక్కి పోయింది. ఆమె వచ్చేసరికి నీళ్లు ఇసుకలో సగం తినేశాయి. మగవాళ్లు ముగ్గురూ పుట్టిని రెండుసార్లు పైకి లాగారు.

అమరేశప్ప గోనెపట్టాలోంచి దబ్బనం లాగాడు. బసవపున్నయ్య చేతిసంచిలో రబ్బరు వానకోటు ఉంది. "బెజవాడలో కొన్నానండీ," అంటూనే అందించాడు, ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. అమరేశప్ప దాన్ని మడిచి చిరుగు మీద పరిచి, పుట్టి మీద బోర్లా పడి కుట్టసాగాడు. మొదటి పోటుకు దబ్బనం వేలిలో దిగింది. రెండోది తోలులో దిగింది. ఇక చేతులకు పని తెలిసిపోయింది. దగ్గర దగ్గరగా, ప్రతి కుట్టుకూ ఒక ముడి, బస్తా మూతికి వేసినట్టే. వెనక పాదాల మీదకు చల్లగా ఏదో వచ్చింది. నీళ్లు. ఆయన కళ్లు మూసుకుని ముడి వేశాడు. మడమలు దాటాయి. ఇంకో ముడి. లేచి పారిపోవాలని ప్రతి ఎముకా అరుస్తోంది. పారిపోవడానికి అటు కూడా నీళ్లే.

ఉలిగప్ప కుట్టు లాగి చూశాడు. "గట్టిగుంది. కాని ఒక్కటే నిల్వదు సావుకారీ. లోపట గోనె మడిచి, నల్లమన్ను మెత్తి, దాని మీద మనిషి కూసోవాలె. బరువు పడాలె. గట్టు ముట్టేదాక ఆ మనిషి లేవొద్దు, జరగొద్దు."

"ఎవరు?"

చెన్నవ్వ అందరినీ కళ్లతో తూకం వేసింది. బసవపున్నయ్య పొడుగు మనిషే గానీ ఎముకలే. ఆమె చూపు తిరిగి తిరిగి ఒక్కచోటే ఆగింది.

"నేను కూసుంట," అంది అంబుజ గబగబా. "మా ఆయనకు... మా ఆయనకు నడుము నొప్పి."

అమరేశప్ప ఆమెను చూశాడు. ఇన్నేళ్లు ఆయన అడుగుకు నెట్టిన సరుకును ఆమె ఇప్పుడు కూడా పైకి రానీయడం లేదు. "నీ తూకం సరిపోదు," అన్నాడు. "గోనె మడువుండ్రి."

*

పుట్టి నీళ్లలో పడగానే ఆయనకు నది తెలిసింది. కళ్లకు కాదు, తొడలకు. తడి గోనె కింద, మన్ను కింద, వెదురు కింద, రబ్బరు గుడ్డకు అవతల అది బతికున్న గొడ్డు పక్కటెముకల్లా లేస్తూ దిగుతూ ఉంది. ప్రతిసారి లేచినప్పుడు ఆయన్ను కొంచెం ఎత్తడానికి చూసింది. ఆయన పుట్టి అంచును రెండు చేతులా పట్టి తనను తాను కిందికి నొక్కుకున్నాడు.

చన్నీళ్లు పంచెలోకి ఊరాయి. "వస్తున్నయి," అన్నాడు.

"రానీ. ఊరనీ. ఉరకనీయకు!" అని అరిచాడు ఉలిగప్ప తెడ్డు వేస్తూ. బసవపున్నయ్య పెరుగు డబ్బాతో తోడి పోయసాగాడు. పొద్దున ఉత్సాహంగా నీళ్లలోకి వంగిన మనిషి ఇప్పుడు నీళ్ల వైపు చూడకుండానే తోడుతున్నాడు.

పుట్టి తిరిగింది. గడ్డ కనబడింది. దాని ఇసుక మీద నక్కలు రెండూ నిలబడి వాళ్లనే చూస్తున్నాయి. తిరిగింది. ఎర్రటి నీళ్లు. తిరిగింది. వేళ్లతో సహా కొట్టుకొస్తున్న తుమ్మచెట్టు.

"మరిదీ!" అని కేకేసింది చెన్నవ్వ.

ఉలిగప్ప తెడ్డు తిప్పి చెట్టును తన్నాడు. కొమ్మలు పుట్టి అంచును గీరుతూ, శేషారత్నం జుట్టు లాగుతూ పోయాయి. "ఏవండీ! మును..." అనబోయింది ఆమె. చెన్నవ్వ అరచెయ్యి పడి ఆ మాట అక్కడే ఆగింది. చెయ్యి తీయలేదు. దాని వెనక శేషారత్నం కళ్లు మాత్రం ఆ మాటను అంటూనే ఉన్నాయి.

అప్పుడు కింద ఏదో తగిలింది.

అమరేశప్పకు స్పష్టంగా తెలిసింది. గట్టిగా, నిదానంగా, రబ్బరు గుడ్డ పొడుగునా గీరుతూ పోయింది. బండ కావచ్చు. దుంగ కావచ్చు. పొద్దున నోరు తెరిచిన దుంగ కూడా కావచ్చు. దానికీ ఆయనకూ నడుమ ఒక వానకోటు, ఇంత మన్ను. ఎడమ తొడ కింద ఒక కుట్టు టప్పున తెగింది. ఆయన నోటికి ఉప్పటి రుచి వచ్చింది. పెదవి కొరుక్కున్నాడని తర్వాత తెలిసింది. చెప్పాలా? చెబితే ఉలిగప్ప తెడ్డు ఆగుతుంది, బసవపున్నయ్య డబ్బా ఆగుతుంది, శేషారత్నం లేచి నిలబడుతుంది. చెబితే వచ్చే లాభమేమీ లేదు. ఆయన బరువును ఎడమ తొడ మీదకు మార్చాడు. అంచు మీది చేతులు తెల్లబడ్డాయి.

అంబుజ ఆయన మొహంలోకి చూసింది. వచ్చి ఆయన ఒళ్లో కూర్చుంది, పెళ్లినాడు కూడా అందరి ముందు ఆయన భుజానికి తగలని మనిషి. ఇద్దరి బరువు కింద కుట్టు కుదురుకుంది.

"గట్టిగ కూసో," అన్నాడాయన ఆమె చెవిలో.

"నువ్వు వణుకుతున్నవు."

"చలి."

"అవును," అంది అంబుజ. "చలే."

కింది రేవు పక్కగా జారిపోయింది. జీపు డ్రైవరు చేతులు ఊపుతూ గట్టు వెంట పరుగెత్తడం ఒక తిప్పులో కనబడి, ఇంకో తిప్పులో మాయమైంది. కింద ఎక్కడో రాళ్ల మీద నీళ్లు గర్జిస్తున్నాయి. ఉలిగప్ప రొమ్ములోంచి హుమ్, హుమ్ అని కొలిమి తిత్తి చప్పుడు వస్తోంది. చెన్నవ్వ శేషారత్నం నోరు వదిలి, బట్టలుతికే చెక్కలా రెండు చేతులతో నీళ్లను తోసింది. గట్టు దగ్గరికి వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. చివరికి వంగిన ఈత చెట్టు మట్ట చేతికి అందింది. బసవపున్నయ్య దాన్ని పట్టుకుని వేలాడాడు. పుట్టి ఒక దున్నిన చేను అంచున బురదలో కూరుకుని ఆగింది.

శేషారత్నం పాకుతూ దిగింది. బసవపున్నయ్య దిగి మోకాళ్ల మీద పడ్డాడు. చెన్నవ్వ దిగింది. "దిగుండ్రి సావుకారీ, వచ్చేసినం," అన్నాడు ఉలిగప్ప.

"ముందు నువ్వు దిగు."

"మీరు దిగుండ్రి సావుకారీ."

"అందరు దిగినంక నేను." ఆయన గొంతు బజారులో వినబడేంత పెద్దగా ఉంది. ఉలిగప్ప తెడ్డు పట్టుకుని దిగాడు. అంబుజ ఒళ్లోంచి లేచి, వెనక్కు తిరిగి తిరిగి చూస్తూ దిగింది.

ఆయన ఒక్కడే మిగిలాడు. లేవాలంటే భయం. కింద ఉన్నది మోకాలి లోతు బురదనీరని తెలుసు, అయినా భయం. చెన్నవ్వ చెయ్యి చాచింది. ఆ చెయ్యి పట్టుకుని ఒక్కసారిగా లేచి, గట్టు మీదకు బోర్లా పడ్డాడు.

వెనక గోనె మెల్లగా పైకి లేచింది. ఎర్రటి నీళ్లు దాని పక్కల నుంచి ఉబికి, వెదురు దాటి, పుట్టిని అంచు దాకా నింపాయి. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. చివరికి నల్లటి అంచు కూడా నీళ్ల కింద పోయింది. వానకోటు చెయ్యి ఒకటి పైన తేలి అటూ ఇటూ ఊగింది.

పొద్దుటి నుంచి నాలుక చివర కూర్చున్న మాటను అమరేశప్ప అప్పుడు బయటికి అన్నాడు.

"మునిగింది."

తర్వాత చాలాసేపు ఆయన పళ్లు కొట్టుకున్నాయి. బసవపున్నయ్య చూశాడు, ఉలిగప్ప చూశాడు, చెన్నవ్వ చూసింది. అయినా ఆయన దాచుకోలేదు. ఏదో ఒకటి అనాలన్నట్టు బసవపున్నయ్య, "క్యాంపు వాళ్లకు ఏం చెప్పమంటారు?" అన్నాడు.

"నాకు నీళ్లంటే భయమని చెప్పుండ్రి," అన్నాడు అమరేశప్ప. దబ్బనం ఇంకా ఆయన పిడికిట్లోనే ఉంది. అంబుజ పక్కన కూర్చుని, ఒక్కొక్క వేలే విప్పి, దాన్ని బయటికి తీసింది.